ట్యాబ్లెట్‌కు ఏ కీబోర్డు కవరు తీసుకోవాలి? ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు టైపు చేసేవారి సలహా కావాలి

నీవాతీరం (చిత్తూరు):

అందరికీ నమస్కారం. నేను చిత్తూరులో ఒక కళాశాలలో తెలుగు బోధిస్తూ, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఉమ్మడి చిత్తూరు జిల్లా ఊరి పేర్ల మీద పరిశోధన చేస్తున్నాను. వారంలో రెండు రోజులు బస్సులో తిరుపతికి వచ్చి గ్రంథాలయంలో కూర్చుంటాను. సెలవు రోజుల్లో పూతలపట్టు, ఐరాల, తవణంపల్లె వైపు ఊళ్లకు వెళ్లి, అరుగుల మీదా రచ్చబండల దగ్గరా కూర్చుని, ఆ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో పెద్దవాళ్లు చెప్పే మాటలను రాసుకుంటాను. ఇంతకాలం నోటుపుస్తకంలో రాసుకున్నదంతా రాత్రి ఇంటికి వచ్చాక కంప్యూటరులోకి ఎక్కించేదాన్ని. ఒకే పనిని రెండుసార్లు చేయడం వల్ల అలసట సరే, కొన్నిసార్లు నా చేతిరాతే నాకు అర్థం కాక పేర్లు తప్పుగా పడుతున్నాయి. ఊరి పేర్ల పరిశోధనలో అంతకంటే పెద్ద తప్పు లేదు.

అందుకే 10.9 అంగుళాల తెర ఉన్న పదో తరం ఐప్యాడ్ కొన్నాను. ఇంట్లో ఉన్న బ్లూటూత్ కీబోర్డును దానికి కలిపి చూస్తే తెలుగు చక్కగా వస్తున్నది. నేను ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో, అంటే భారతీయ భాషలకు ప్రభుత్వం నిర్ణయించిన మీటల అమరికతో, మీటల వైపు చూడకుండా టైపు చేస్తాను. ఇప్పుడు ప్రయాణాలకు పనికొచ్చే కీబోర్డు కవరు కావాలి. ఆలోచనలో మూడు రకాలున్నాయి. మొదటిది ఆపిల్ వారి మ్యాజిక్ కీబోర్డ్ ఫోలియో. రెండవది లాజిటెక్ వారి కాంబో టచ్. మూడవది రెండు మూడు వేల రూపాయలకు దొరికే, ల్యాప్‌టాప్ లాగా తెరుచుకునే బ్లూటూత్ కవరు. మొదటిదాని ధర ట్యాబ్లెట్ ధరలో సగం దాకా ఉండటం వల్ల, తొందరపడి కొని తరువాత బాధపడటం నాకు ఇష్టం లేదు. నేను చదివిన సమీక్షలన్నీ ఇంగ్లీషులో టైపు చేసేవారు రాసినవే. తెలుగులో రోజుకు నాలుగైదు పేజీలు రాసే మనిషి ఏమి చూసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

స్వర్ణముఖి (తిరుపతి):

అమ్మా, నమస్కారం. నేను తిరుపతిలో చాలా ఏళ్లు డి.టి.పి. పని చేశాను. మొదట అను ఫాంట్లతో, తరువాత యూనికోడ్‌లో ఇన్‌స్క్రిప్ట్‌తో పుస్తకాలు కూర్చాను. మీ ప్రశ్నలో అసలు సంగతి చివరి వాక్యంలో ఉన్నది. ఇంగ్లీషు సమీక్షలు మీకు ఎందుకు పనికిరావో ఒక చిన్న లెక్కతో చెబుతాను.

మామూలు కీబోర్డులో ఒక అక్షరం మీట మధ్య నుంచి పక్క మీట మధ్యకు సుమారు 19 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. అంకెల వరుసను, దాని చివర ఉండే వెనక్కి చెరిపే మీటతో సహా కొలిస్తే, పదిహేను మీటల వెడల్పు అవుతుంది. అంటే 285 మిల్లీమీటర్లు. మీ ట్యాబ్లెట్ పొడవు 248.6 మిల్లీమీటర్లు. అందులో పదమూడు మీటల వెడల్పుకు మించి పట్టదు. మిగిలిన రెండు మీటల వెడల్పును తయారీదారు ఎక్కడో ఒకచోట కోయక తప్పదు. కొందరు అన్ని మీటలనూ కొద్దికొద్దిగా దగ్గరకు జరుపుతారు. ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాలున్న నడిమి పది నిలువు వరుసలను ముట్టుకోకుండా, రెండు అంచుల్లోని మీటలను సన్నగా చేస్తారు, లేదా వేరే చోటికి మారుస్తారు, లేదా తీసివేస్తారు. ఇంగ్లీషువారికి అక్కడ ఉండేవి విరామ చిహ్నాలూ బ్రాకెట్లూ కనుక వారికి పెద్ద నష్టం లేదు.

మనకు ఆ అంచుల్లో ఉన్నవి అక్షరాలు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎల్ మీద త ఉంటే, దాని పక్క మీట మీద చ, ఆ పక్క మీట మీద ట ఉన్నాయి. పై వరుసలో పి మీద జ ఉంటే, దాని పక్కన డ ఉన్నది. కింది వరుసలో కుడివైపు చిట్టచివర య ఉన్నది. ఎడమవైపు, ఒకటి అంకెకు ముందున్న మూల మీట మీద ఒత్వం, అంటే ‘కొ’లో ఉండే హ్రస్వం, ఉన్నది. చిన్న కవర్లు చాలావాటిలో ఈ మూల మీటను తీసివేసి అక్కడ ఎస్కేప్‌నో మరొకదాన్నో పెడతారు. ఉండు, కూడా, మాట, చోటు, వాడు, కొండ, కొత్త, మొదలు, చేయడం: ఈ మాటలు లేకుండా తెలుగులో ఒక పేరా రాయడం ఎవరికైనా సాధ్యమా? ఇంగ్లీషులో రోజుకు నాలుగుసార్లు నొక్కే మీటను మనం ప్రతి వాక్యంలో నాలుగుసార్లు నొక్కుతాం.

ఇది నాకు నష్టపోయాకనే తెలిసింది. కొన్నేళ్ల క్రితం ఒక చవక కవరు కొన్నాను. అందులో ట మీటను సగానికి సగం సన్నగా చేసి, దానికి ఆనుకుని ఎంటరు మీటను పెట్టారు. ‘పట్టణం’ అని కొట్టబోతే సగంసార్లు ‘ప’ దగ్గర వాక్యం విరిగి కొత్త పేరా మొదలయ్యేది. వేళ్లకు ఇరవై ఏళ్లుగా పట్టిన అలవాటును ఆ కవరు కోసం మార్చుకోలేక, రెండు నెలల తరువాత పక్కన పెట్టేశాను.

ఇక కుడివైపు షిఫ్టు మీట. ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతపు గుర్తులు ఎడమచేతి కింద ఉంటాయి, అచ్చులు అవే మీటల మీద షిఫ్టుతో వస్తాయి. అ, ఆ, ఇ, ఉ, ఎ, ఒ వంటి అచ్చులను ఎడమచేతి వేళ్లతో కొట్టాలంటే షిఫ్టును కుడి చిటికెనవేలితో నొక్కాలి. చిన్న కీబోర్డుల్లో బాణపు మీటలకు చోటు చేయడానికి మొదట బలయ్యేది ఈ కుడి షిఫ్టే. దాని బదులు పై బాణం తగిలితే కర్సరు పై వరుసలోకి ఎక్కిపోయి, రాస్తున్న మాట వేరే వాక్యం మధ్యలో పడుతుంది. చూడకుండా టైపు చేసేవారు ఆ సంగతి అయిదారు మాటల తరువాత గాని గమనించరు.

కనుక దుకాణానికి వెళ్లేటప్పుడు మీ ట్యాబ్లెట్‌ను వెంట తీసుకువెళ్లండి. అమరికల్లో తెలుగు కీబోర్డును ముందే చేర్చి ఉంచండి. కవరు తగిలించాక కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. అక్కడ ‘తిరుపతి’ అని కొట్టి చూసి సంతోషపడవద్దు. త, ర, ప, ఇత్వం, ఉత్వం అన్నీ నడిమి వరుసలోనే, వేళ్ల కిందనే ఉన్నాయి కనుక ఆ మాట ఎంత పనికిమాలిన కీబోర్డులోనైనా చక్కగా వస్తుంది. మీ ఊరి పేరు ‘చిత్తూరు’ కొంత నయం, అందులో చ ఉన్నది. అసలు పరీక్ష మీ పరిశోధనలోని పేర్లే: పూతలపట్టు, కొత్తకోట, గుడిపాల, యాదమరి, చౌడేపల్లె. వీటిని మీటల వైపు చూడకుండా పదేసిసార్లు కొట్టండి. ఒకే చోట మూడుసార్లు తప్పు పడితే ఆ కవరు మీది కాదు.

దుకాణంలో పెట్టె విప్పడానికి ఒప్పుకోకపోతే ఇంకొక మార్గం ఉన్నది. పై నుంచి నేరుగా తీసిన ఆ కీబోర్డు బొమ్మను, దాని అసలు వెడల్పుకు సరిపోయేలా కాగితం మీద అచ్చు తీయించండి. 248 మిల్లీమీటర్లు ఏ4 కాగితంలో అడ్డంగా పడుతుంది. ఆ కాగితం మీద వేళ్లు పెట్టి చ, ట, డ, య, షిఫ్టు ఎక్కడ తగులుతున్నాయో చూడండి. అక్షరదోషాలు దిద్దేవాడిగా చెబుతున్నాను, అయిదు రూపాయల అచ్చు కాగితం మీకు వేల రూపాయలు మిగల్చవచ్చు.

అలిపిరి (తిరుపతి):

స్వర్ణముఖి గారు మీటల గురించి చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను కూర్చునే తీరు గురించి చెబుతాను. విలేకరిగా నేను బల్ల మీద రాసేది తక్కువ. బస్సుల్లో, సభల్లో, కార్యాలయాల వరండాల్లో ఒడిలో పెట్టుకుని రాసేదే ఎక్కువ.

మేడమ్, మీరు చెప్పిన మొదటి రెండు కవర్లూ వెనుక కాలు తెరుచుకుని నిలబడేవి. కీబోర్డు పలక ముందుకు, కాలు వెనక్కు చాచుకుంటాయి కనుక వాటికి ముందూ వెనుకా కలిపి జానెడుకు మించిన చదునైన చోటు కావాలి. గ్రంథాలయం బల్ల మీద ఇబ్బంది లేదు. అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నప్పుడు మాత్రం ఒడి చదునుగా ఉండదు. వెనుక కాలు మోకాళ్ల మధ్య సందులోకి జారి తెర వెల్లకిలా పడుతుంది. ల్యాప్‌టాప్ లాగా గట్టి మడత బందు ఉన్న కవరు ఒడిలో నిలుస్తుంది, బస్సు కుదుపుకు కూడా పడదు. అయితే 477 గ్రాముల ట్యాబ్లెట్‌ను వెనక్కు వాలకుండా నిలపాలంటే కింది భాగం కూడా బరువుగా ఉండాలి. అందువల్ల అటువంటి కవరుతో కలిపి మొత్తం బరువు కిలోకు దగ్గరపడుతుంది. రోజంతా భుజాన వేసుకుని నడిచేవారికి ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది.

ఇంకొక సంగతి, బ్లూటూత్ గురించి. మ్యాజిక్ కీబోర్డ్ ఫోలియో, కాంబో టచ్ రెండూ ట్యాబ్లెట్ అంచున ఉన్న స్మార్ట్ కనెక్టర్ అనే లోహపు చుక్కల ద్వారా విద్యుత్తు తీసుకుంటాయి. వాటికి విడిగా చార్జింగ్ అక్కరలేదు, జత చేసుకునే పని కూడా లేదు. బ్లూటూత్ కవర్లు కొంతసేపు ముట్టుకోకపోతే బ్యాటరీ ఆదా కోసం నిద్రపోతాయి. మళ్లీ టైపు మొదలుపెట్టినప్పుడు, అది మేల్కొనేలోపల మొదటి ఒకటి రెండు నొక్కులు పోతాయి. ఇంగ్లీషులో ఒక అక్షరం పోతే మాట అర్థమవుతుంది. తెలుగులో హల్లు పోయి గుణింతపు గుర్తు ఒక్కటే చుక్కల వలయం మీద వేలాడుతూ కనిపిస్తుంది. మీ పనిలో ఒక పెద్దాయన పది నిమిషాలు మౌనంగా ఆలోచించి ఒక పాత పేరు చెబుతారు. సరిగ్గా ఆ పేరు మొదటి అక్షరమే పోతుంది. నేను ఇప్పుడు ఏ సమావేశంలోనైనా మాట మొదలయ్యే ముందు ఒకసారి షిఫ్టు నొక్కి కీబోర్డును లేపి పెట్టుకుంటాను.

దీనికంటే నాకు ముఖ్యంగా తోచేది ఒకటి చెబుతాను. ల్యాప్‌టాప్ లాగా నిలబడిన తెర మీకూ ఎదుటి మనిషికీ మధ్య అడ్డుగోడ అవుతుంది. మీడియా సమావేశాల్లో అది పట్టించుకోనక్కరలేదు. పల్లెలో వృద్ధురాలితో మాట్లాడేటప్పుడు ఆమె మీ ముఖం చూడాలి. కీబోర్డు విడిపోయే కవరైతే దాన్ని పక్కన పెట్టి, ట్యాబ్లెట్‌ను నేల మీద పడుకోబెట్టి, మాట పూర్తయ్యాక తగిలించుకుని రాసుకోవచ్చు. మీరు చెప్పిన మొదటి రెండింటికీ ఆ సౌకర్యం ఉన్నది.

మల్లెమడుగు (తిరుపతి):

నా అభిప్రాయం వేరు. 248 మిల్లీమీటర్లలో పదిహేను మీటలు పట్టవని స్వర్ణముఖి గారే లెక్క వేసి చూపించారు. అటువంటప్పుడు కవరులోనే కీబోర్డు ఉండాలన్న పట్టుదల ఎందుకు? మామూలు నిలబడే కవరు ఒకటి, పూర్తి వెడల్పు మీటలున్న పలుచని బ్లూటూత్ కీబోర్డు ఒకటి విడివిడిగా కొంటే, మీటల సమస్య మొత్తంగా తీరుతుంది, ఖర్చు కూడా తక్కువ. ట్యాబ్లెట్ మారినా కీబోర్డు మిగులుతుంది. నేను గ్రంథాలయానికి అలాగే తీసుకువెళ్తున్నాను. ఒడిలో పనికిరాదన్నది నిజం.

నీవాతీరం (చిత్తూరు):

ముగ్గురికీ కృతజ్ఞతలు. స్వర్ణముఖి గారు చెప్పినట్లు ట్యాబ్లెట్‌ను తీసుకుని తిరుపతి గాంధీ రోడ్డులోని దుకాణాలకు వెళ్లాను. ఒక దుకాణంలో చవకైన బ్లూటూత్ కవరును విప్పి చూపించారు. తెర వైపు చూస్తూ ‘పూతలపట్టు’ కొట్టాను. మొదటిసారి సరిగానే వచ్చింది. ‘కొత్తకోట’ అని కొట్టబోతే ఒత్వం ఉండవలసిన మూలలో మరొక మీట ఉండి, నేను టైపు చేస్తున్న పుటే మాయమై, ఐప్యాడ్ హోమ్ తెర వచ్చింది. నా జాబితాలో కొత్తపల్లెలూ కొత్తూళ్లూ కొండాపురాలూ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటే, ఆ ఒక్క మీట కోసమే ఆ కవరును వదులుకోవాలనిపించింది. దుకాణం అబ్బాయి ఓపికగా ఇంకో రెండు చూపించాడు. రెండింటిలోనూ కుడి షిఫ్టు నా చిటికెనవేలికి అందలేదు.

మిగిలిన రెండు రకాలకు కాగితం పద్ధతే పాటించాను. అచ్చు తీసిన కాగితాలను బల్లకు అతికించి ఒక గంటసేపు నిజంగానే టైపు చేస్తున్నట్లు వేళ్లు ఆడించాను. కాగితం మీద మీట లోతు తెలియదు, వేలు ఎక్కడ పడుతున్నదో మాత్రం స్పష్టంగా తెలిసింది. రెండింటిలో ఏదీ పూర్తిగా కాదనవలసినది కాదని తేలింది కనుక, నా పనికి సంబంధించిన మిగతా విషయాలు చూశాను. ఫోలియో ట్యాబ్లెట్‌కు ముందూ వెనుకా మాత్రమే అతుక్కుంటుంది, అంచులు బయటికే ఉంటాయి. మీటల వెనుక వెలుగు కూడా లేదు. కాంబో టచ్ అంచులను కూడా పట్టి ఉంచుతుంది. బస్సులో నిలబడి రావలసిన రోజులూ, అరుగు మీద నుంచి దింపే రోజులూ ఉన్నవారికి అంచుల రక్షణ ముఖ్యమని నేను అనుకుంటున్నాను.

మల్లెమడుగు గారూ, మీ మాట గ్రంథాలయం వరకు నాకు నచ్చింది. ఇంట్లో ఉన్న కీబోర్డునే సంచిలో వేసుకుని ఒక రోజు తిరుపతికి వచ్చి చూశాను. రాయడం హాయిగా ఉన్నది. కానీ ఊళ్లలో రెండు వస్తువులను వేరువేరుగా పరచుకుని కూర్చోవడం నాకు కుదరదు.

ఒడి సమస్య మిగిలి ఉన్నది. దీనికి మా అమ్మ ఒక ఉపాయం చెప్పింది. పిల్లలు పరీక్షలకు తీసుకువెళ్లే అట్టను నిలువుగా ఒడిలో పెట్టుకుంటే, కీబోర్డూ వెనుక కాలూ రెండూ దాని మీద నిలుస్తాయా? అలిపిరి గారు ఎప్పుడైనా అలా చేసి చూశారా? అలాగే నా మరదలు కూడా ఈ పనిలో నాకు సాయం చేయబోతున్నది. ఆమెకు ఇన్‌స్క్రిప్ట్ కొత్త. మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అతికించవచ్చా?

అలిపిరి (తిరుపతి):

పరీక్ష అట్ట నిలుస్తుంది, నేను ఎన్నికల రోజుల్లో అలాగే రాశాను. అయితే నున్నటి అట్ట మీద కాలు వెనక్కు జారుతుంది. అట్ట వెనుక అంచుకు కొద్దిగా ముందు ఒక రబ్బరు పట్టీని అడ్డంగా తగిలించండి, కాలు దానికి ఆనుకుని నిలుస్తుంది. అట్టకు పైన ఉండే ఇనుప క్లిప్పును మీ వైపు కాకుండా అవతలి వైపు ఉంచుకోండి, లేకపోతే మణికట్టుకు గుచ్చుకుంటుంది. వారానికి ఒకసారి కనెక్టరు చుక్కలను పొడి బట్టతో తుడవండి. మన ఊళ్ల దుమ్ము అక్కడ చేరితే, కీబోర్డు ఉన్నట్టుండి పలకడం మానేస్తుంది.

స్వర్ణముఖి (తిరుపతి):

అమ్మా, స్టిక్కర్లు మూసుకునే కవర్లలో జాగ్రత్తగా వాడాలి. కవరు మూసినప్పుడు మీటలకూ తెరకూ మధ్య సందు చాలా తక్కువ. మందమైన స్టిక్కర్లు తెరకు తగిలి, వాటి జిగురు గాజు మీద మరకలు వేస్తుంది. పలుచనివి దొరికితే మొదట నాలుగు మీటలకే, చ, ట, డ, యలకు, అతికించి ఒక వారం మూసి తెరిచి చూడండి. మీ మరదలికి స్టిక్కర్ల కంటే త్వరగా నేర్పే దారి ఒకటి ఉన్నది. ఎఫ్, జె మీటల మీద చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది కదా. అక్కడ చూపుడువేళ్లు పెట్టించి, ఎడమచేతి కింద ఇత్వం, కుడిచేతి కింద ర అని చెప్పి, మొదటి రోజంతా ‘తిరుపతి’ మాటనే కొట్టించండి. ఇంతకు ముందు ఆ మాట పరీక్షకు పనికిరాదన్నాను గాని, నేర్చుకోవడానికి అంతకంటే మంచి మాట లేదు. రెండవ రోజు ‘చిత్తూరు’ ఇవ్వండి. ట, డలను మూడవ రోజుకు ఉంచండి.

ఇంకొక మాట. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు, తమిళం వంటి భారతీయ లిపులకు దాదాపుగా ఒకే ధ్వని ఒకే మీట మీద ఉంటుంది. మీ జిల్లా సరిహద్దు ఊళ్లలో పెద్దవాళ్లు తమిళ పేరు చెప్పినప్పుడు, ఆ లిపి చదవగలిగితే, అమరికల్లో తమిళాన్ని కూడా చేర్చుకోండి. అక్కడా ఇన్‌స్క్రిప్ట్ అమరిక దొరికితే, త కొట్టిన వేలే అక్కడా త కొడుతుంది. ఆ పేరును తెలుగు లిపిలోకి మార్చి రాసుకోవడం కంటే, విన్నప్పుడే అసలు లిపిలో పక్కన పెట్టుకుంటే మీ పరిశోధనకు మేలు.

కర్సరు గురించి ఎవరూ చెప్పలేదు కనుక అది కూడా చెబుతాను. మీరు ఎంచుకున్న కవరుకు ట్రాక్‌ప్యాడ్ ఉన్నది, ఐప్యాడ్‌లో దానికి 2020 నుంచి పూర్తి మద్దతు ఉన్నది. దాన్ని తప్పక వాడండి. వేలితో తెరను తాకి ‘పట్టు’లో టవత్తు పక్కన కర్సరు పెట్టడం చాలా కష్టం, ట్రాక్‌ప్యాడ్‌తో సులువు. వెనక్కి చెరిపేటప్పుడు మొదట గుణింతం, తరువాత వత్తు, ఆ తరువాత హల్లు విడివిడిగా పోతాయి కనుక, ఊరి పేరులో ఒక్క గుణింతం దిద్దవలసి వస్తే మాట మొత్తం చెరిపి మళ్లీ కొట్టండి. నా అనుభవంలో సగం సగం దిద్దిన చోటే తప్పులు మిగిలిపోయాయి.

నీవాతీరం (చిత్తూరు):

కాంబో టచ్‌కు ఈ రోజు డబ్బు కట్టాను, గురువారం చేతికి వస్తుంది. పరీక్ష అట్ట, రబ్బరు పట్టీ సిద్ధంగా ఉన్నాయి. ఆదివారం యాదమరి వైపు రెండు ఊళ్లకు వెళ్తున్నాము. తమిళాన్ని ఇప్పుడే అమరికల్లో చేర్చాను. ఒడిలో, అరుగు మీద, బస్సులో ఎలా పనిచేసిందో వచ్చాక ఇక్కడే వివరంగా రాస్తాను.